మందు ఒకటే, ఒళ్ళు వేరు

మా మామ్మ రేకుపెట్టెలో ఒక కార్డుంది. పసుపు అట్ట, నాలుగు మడతలు, మడత దగ్గర చిరిగితే అన్నం మెతుకులతో అతికించిన కాయితం. మా తాతయ్య టీబీ కార్డు. 1974లో ఊళ్ళో ఒక ఆసుపత్రిలో ఇచ్చింది. మొదటి ఐదు నెలల గళ్ళల్లో టిక్కులున్నాయి. ఆరో నెల నుంచి గళ్ళు ఖాళీ. ఆ ఖాళీ మీద అడ్డంగా, ఎర్రసిరాతో, ఇంగ్లీషులో ఒక్కటే మాట: డిఫాల్టర్.

తాతయ్య విశాఖ హార్బర్లో కళాసీ. నేను పుట్టడానికి చాలా ముందే, 1976లో పోయాడు. ఇంట్లో ఆయన మాటెప్పుడొచ్చినా చివరికి తేలేది ఒకటే: మాత్రలు సరిగ్గా వేసుకునుంటే బతికేవాడు. నాన్నా అదే అనేవాడు, అత్తలూ అదే అనేవారు. మామ్మ మాత్రం ఒకసారి, కార్డు నా చేతిలో చూసి, వేరే మాట చెప్పింది. "ఊరికే మానీలేదు నాయినా. అరికాళ్ళల్లో నిప్పులు పోసినట్టుంటంది అనీవోడు. రేత్రిళ్ళు తడిగుడ్డ చుట్టుకుని తొంగునీవోడు."

నేను చదివింది కెమిస్ట్రీ. కొన్నాళ్ళు పరవాడ ఫార్మాసిటీలో మాస్ స్పెక్ట్రోమీటర్ ముందు కూర్చుని జీతం తీసుకున్నాను. అరికాళ్ళ మంటలనగానే నాకు గుర్తొచ్చింది ఒక మందు పేరు: ఐసోనయాజిడ్. ఆ రోజుల్లో జాతీయ టీబీ కార్యక్రమంలో పేదవాళ్ళకి ఎక్కువగా దొరికిన మాత్ర ఐసోనయాజిడ్, థయాసిటజోన్ కలిపినది. ఆ మాత్ర ఒంట్లోకి వెళ్ళాక ఏమవుతుందన్నది మనుషులు ఎలా కనిపెట్టారు? ఈ వ్యాసం ఆ కథ. తాతయ్య కార్డు మీది ఎర్రమాటకి జవాబు వెతుక్కోవడం కూడా.

ఐసోనయాజిడ్‌ని మొదట 1912లో ప్రాగ్‌లో ఇద్దరు రసాయనశాస్త్రజ్ఞులు తయారుచేశారు. దేనికి పనికొస్తుందో అప్పుడెవరికీ తెలీదు. నలభయ్యేళ్ళు సీసాలో పడుంది. 1952లో న్యూయార్కు సీ వ్యూ ఆసుపత్రిలో, చావుకి దగ్గరగా ఉన్న రోగులు దీన్ని మింగి లేచి తిరుగుతున్నారన్న వార్త ప్రపంచమంతా పాకింది. మందు చవక. ఇంజక్షను అక్కర్లేదు. మన దేశానికి ఇంతకన్నా ఏం కావాలి?

మన దేశంలో ఈ మందుకి అసలు పరీక్ష జరిగింది మద్రాసులో. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్, మద్రాసు ప్రభుత్వం కలిసి అక్కడ టీబీ కీమోథెరపీ కేంద్రం పెట్టాయి. వాలెస్ ఫాక్స్ ఆధ్వర్యంలో చేసిన మొదటి అధ్యయనం 1959లో అచ్చయింది. శానిటోరియంలో మంచం, పాలు, గుడ్లు, విశ్రాంతి దొరికినవాళ్ళూ, మురికివాడల్లో ఇంటిదగ్గరే ఉండి మందులు మింగినవాళ్ళూ దాదాపు ఒకేలా కోలుకున్నారని అది తేల్చింది. ప్రపంచంలో శానిటోరియాల కాలం ముగియడానికి ఇదో పెద్ద కారణం.

ఇదే కేంద్రంలో ఇంకో పని కూడా నడిచింది. దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. ఐసోనయాజిడ్ ఒంట్లోకి చేరాక కాలేయంలోని ఒక ఎంజైము దానికి ఎసిటైల్ అనే చిన్న తోక తగిలిస్తుంది. తోక తగిలిన మందు టీబీ క్రిమిని చంపలేదు, మూత్రంలో బయటికి పోతుంది. ఈ తోక తగిలించే వేగం అందరిలో ఒకటి కాదు. కొందరిలో గంట, గంటన్నరలో రక్తంలో మందు సగమైపోతుంది. మరికొందరిలో అందుకు రెండు నుంచి ఐదు గంటలు పడుతుంది. ఇది తిండివల్లా అలవాట్లవల్లా వచ్చే తేడా కాదు, పుట్టుకతో వచ్చేది. 1960లో ఇవాన్స్ బృందం ఈ సంగతి రుజువు చేసింది. మనుషులు నున్నగా ఒకే వరసలో కాకుండా రెండు గుట్టలుగా విడిపోయారు: త్వరగా చేసేవాళ్ళు, నెమ్మదిగా చేసేవాళ్ళు. ఈ ఎంజైము జన్యువుని ఇప్పుడు నాట్-2 అంటున్నాం.

1961లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో పి.ఆర్.జె. గంగాధరం, ఆయన సహచరులు దక్షిణ భారత టీబీ రోగుల్లో ఈ వేగాన్ని కొలిచిన వ్యాసం వేశారు. కొలిచిన తీరు చూడండి. అప్పట్లో చేతిలో మాస్ స్పెక్ట్రోమీటర్ లేదు. రోగికి తెలిసిన మోతాదులో ఇంజక్షను ఇచ్చి, తర్వాత రక్తం తీసి, ఆ సీరం క్రిమి పెరుగుదలని ఎంత మేరకు ఆపుతుందో చూశారు. అంటే ఏ క్రిమిని చంపడానికి మందు ఇస్తున్నామో, అలాంటి క్రిమినే త్రాసుగా వాడారు.

మద్రాసు లెక్కల్లో నెమ్మదిగా చేసేవాళ్ళు పదిమందిలో ఆరుగురి దాకా తేలారు. జపాన్‌లో పదిమందిలో ఒక్కరే. దీనివల్ల రెండు చిక్కులొచ్చాయి. వారానికొకసారి మందిచ్చే పద్ధతిలో త్వరగా చేసేవాళ్ళకి మందు చాలలేదు. మోతాదు పెంచితే నెమ్మదివాళ్ళకి చేతులూ కాళ్ళూ తిమ్మిర్లు, అరికాళ్ళ మంటలు. ఐసోనయాజిడ్ ఒంట్లోని బి-6 విటమిన్‌ని పట్టుకుని తనతోపాటు బయటికి లాక్కుపోతుంది. నరాలకి అది కావాలి. తిండి తక్కువైనవాళ్ళలో, తాగేవాళ్ళలో అసలే అది తక్కువ. రోజూ కొద్దిగా పైరిడాక్సిన్ మాత్ర ఇస్తే చాలు, ఈ మంటలు రావని మద్రాసు కేంద్రమే 1960లలో చూపించింది. అణాల ఖర్చు. తాతయ్య కార్డులో ఆ మాత్ర పేరు లేదు.

ఇక్కడిదాకా వచ్చాక కథ ఒకచోట ఆగిపోయింది. క్రిమిని త్రాసుగా వాడితే ఇంకా మందుగా మిగిలిన మందు ఎంతో తెలుస్తుంది. తోక తగిలాక అది క్రిమిని చంపదు కాబట్టి త్రాసుకి కనబడదు. మరి అది ఎటు పోయింది? మూత్రంలోకేనా? దార్లో ఇంకేదైనా అయిందా? మందు తాలూకు కార్బన్లూ హైడ్రోజన్లూ ఒంట్లో ఉన్న కోటానుకోట్ల కార్బన్లలో, హైడ్రోజన్లలో కలిసిపోయాక ఏది మందుదో ఏది ఒంటిదో చెప్పడం ఎలా?

ఈ ప్రశ్నకి జవాబు హార్బరు పక్కన పెరిగినవాళ్ళకి సులువుగానే తట్టాలి. వెయ్యి బియ్యం బస్తాలు గొడౌన్లోకి వెళ్ళాయి. రెండు వారాల తర్వాత రకరకాల లారీల్లో రకరకాల బస్తాలు బయటికొస్తున్నాయి. మన బస్తాలు ఎటెళ్ళాయో తెలియాలంటే ఎక్కించేటప్పుడే కొన్నిటి మీద ఎర్రసిరాతో గుర్తు పెట్టాలి. గుర్తువల్ల బస్తా బియ్యం మారకూడదు. మోసేవాడికి తేడా తెలియకూడదు. లెక్క రాసుకునేవాడికి మాత్రం తెలియాలి.

పరమాణువుల్లో అలాంటి గుర్తు ప్రకృతే పెట్టి ఉంచింది. నియాన్ వాయువులో రెండు బరువుల పరమాణువులున్నాయని జె.జె. థామ్సన్ మొదటి ప్రపంచయుద్ధానికి ముందే చూశాడు. 1919లో ఆయన శిష్యుడు ఆస్టన్ వీటిని కచ్చితంగా వేరుచేసి చూపే మాస్ స్పెక్ట్రోగ్రాఫ్ కట్టాడు. రసాయన గుణాలు దాదాపు ఒకటే, బరువు వేరు: ఐసోటోపులు. 1931లో హెరాల్డ్ యూరే హైడ్రోజన్‌కి రెండింతల బరువున్న అన్నని కనిపెట్టాడు. డ్యుటీరియం. రామకృష్ణా బీచిలో చెంబుడు సముద్రపు నీళ్ళు ముంచితే అందులో సుమారు 6,400 హైడ్రోజన్లకి ఒకటి డ్యుటీరియం. కార్బన్లలో నూటికి ఒకటి చొప్పున బరువైనది, కార్బన్-13. రేడియోధార్మికత లేదు, విరిగిపోదు, అపాయం లేదు. మనందరి ఒళ్ళల్లోనూ ఉన్నదే. అందుకే వీటిని స్థిర ఐసోటోపులంటారు.

జీవి ఒంట్లో పదార్థం దారిని ఐసోటోపుతో పట్టుకోవడం 1923లోనే మొదలైంది. హెవెషీ రేడియోధార్మిక సీసంతో చిక్కుడు మొక్కని పరీక్షించాడు. కానీ దాన్ని జంతువుల రసాయనానికి తెచ్చినవాడు రుడాల్ఫ్ షోన్‌హైమర్. యూదుడు. 1933లో హిట్లర్ రావడంతో జర్మనీ వదిలి కొలంబియా విశ్వవిద్యాలయానికి చేరాడు. యూరే ఉన్నది అక్కడే. యూరే శిష్యుడు డేవిడ్ రిట్టెన్‌బర్గ్ ఈయనతో కలిశాడు. 1935లో ఇద్దరూ డ్యుటీరియం గుర్తున్న కొవ్వుని ఎలుకలకి తినిపించారు. తిన్న కొవ్వు వెంటనే ఖర్చైపోతుంది, ఒంట్లో నిలవున్న కొవ్వు మూలధనంలా కదలకుండా ఉంటుంది అని అప్పటిదాకా అందరి నమ్మకం. గుర్తు చూస్తే, తిన్న కొవ్వులో చాలాభాగం నిలవల్లోకే వెళ్ళింది. పాతది బయటికొస్తోంది, కొత్తది లోపలికెళ్తోంది. తర్వాత నైట్రోజన్-15తో ప్రొటీన్లని చూస్తే అవీ అంతే. ఒళ్ళు కట్టిన గోడ కాదు, పారే ఏరు. షోన్‌హైమర్ 1941లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన ఉపన్యాసాలు మరుసటేడు పుస్తకంగా వచ్చాయి.

మందుల మీదికి ఈ పద్ధతి గట్టిగా వచ్చింది 1970లలో. అప్పటికి గ్యాస్ క్రొమటోగ్రఫీకి మాస్ స్పెక్ట్రోమీటర్‌ని జోడించిన యంత్రాలు అమ్మకానికొచ్చాయి. మిశ్రమంలోని పదార్థాలని ఒకటి తర్వాత ఒకటిగా విడదీసి, ఒక్కోదాన్నీ ఆవేశమున్న ముక్కలుగా చేసి, వాటి బరువు తూచే యంత్రం అది. ఐసోనయాజిడ్ కథ మళ్ళీ ఇక్కడ అందుకుంటుంది. 1970లో వాషింగ్టన్ క్యాపిటల్ హిల్‌లో టీబీ కేసులు బయటపడ్డాయి. ముందుజాగ్రత్తగా 2,321 మంది ఉద్యోగులకి ఐసోనయాజిడ్ ఇచ్చారు. పందొమ్మిదిమందికి కాలేయం దెబ్బతింది. ఇద్దరు పోయారు. రోగంలేని మనుషులు, అదీ అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు, చనిపోయేసరికి ఈ మందు కాలేయంలో ఏం చేస్తోందన్న ప్రశ్నకి పరిశోధనశాలలు కదిలాయి.

తోక తగిలిన ఐసోనయాజిడ్ రెండుగా చీలుతుందని, అందులో ఒక ముక్క ఎసిటైల్ హైడ్రజీన్ అని అప్పటికి తెలుసు. అనుమానం దాని మీదే. 1976లో నెల్సన్, హిన్సన్, మిచెల్ దాని మీద జంట అయాన్ల పద్ధతి ప్రయోగించారు. ఆలోచన చాలా సరళం. ఎసిటైల్ తోక చివర మూడు హైడ్రోజన్లుంటాయి. మామూలు పదార్థం కొంత, ఆ మూడు హైడ్రోజన్ల స్థానంలో మూడు డ్యుటీరియాలున్న పదార్థం కొంత కలుపుతారు. ఒళ్ళు రెంటినీ ఒకేలా చూస్తుంది. తయారైన ప్రతి కొత్త పదార్థమూ యంత్రంలో కవలల్లా పక్కపక్కన రెండు గీతలుగా కనబడుతుంది. వందల గీతల మధ్య కవలలెక్కడున్నారో చూస్తే చాలు, అది మందు నుంచి పుట్టిందే. ఒంటిగీతలు ఒంటివి.

ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. కవలల మధ్య ఎడం మూడైతే తోక చెక్కుచెదరకుండా వచ్చినట్టు. రెండైతే దార్లో ఒక హైడ్రోజన్ ఊడినట్టు, అంటే రసాయన చర్య వేరే దారి పట్టినట్టు. మూడు చిన్న పరమాణువుల లెక్కతో, ఎవరూ కంటితో చూడలేని ఒక చర్య ఏ సందులోంచి నడిచిందో చెప్పగలిగారు. అదే ఏడాది సైన్స్ పత్రికలో నెల్సన్, మిచెల్ బృందం వేసిన వ్యాసంతో కలిపి చదివితే చిత్రం ఇది: ఎసిటైల్ హైడ్రజీన్‌ని కాలేయమే చురుకైన పదార్థంగా మార్చుకుంటోంది, ఆ చురుకైనది కాలేయపు ప్రొటీన్లకే అతుక్కుని వాటిని పాడుచేస్తోంది.

దీన్నిబట్టి తోక త్వరగా తగిలించేవాళ్ళకే ఎక్కువ అపాయం అనుకున్నారు. తోక తగిలితేనే కదా ఆ ముక్క పుట్టేది. వినడానికి సబబుగానే ఉంది. కానీ తర్వాత అధ్యయనాలు దీన్ని తిరగేశాయి. ఎసిటైల్ హైడ్రజీన్‌ని పుట్టించే ఎంజైమే దానికి రెండో తోక కూడా తగిలించి హానిలేకుండా చేస్తుంది. త్వరగా చేసేవాళ్ళు విషాన్ని త్వరగా పుట్టించి, త్వరగానే వదిలించుకుంటారు. నెమ్మదివాళ్ళలో అది నిలవుంటుంది. కాలేయం విషయంలోనూ ఎక్కువ ముప్పు వాళ్ళకే. నరాల మంటలు పడ్డదీ వాళ్ళే, పచ్చకామెర్ల భయమూ వాళ్ళదే. మన దగ్గర పదిమందిలో ఆరుగురు వాళ్ళే.

పుట్టుకతో వచ్చిన తేడా సంగతి ఇది. మరి ఆకలితో వచ్చే తేడా? దాన్ని వెతికింది మన హైదరాబాదు. కూనూరులో 1918లో బెరిబెరి విచారణగా మొదలై, 1958లో హైదరాబాదుకి మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయిన తార్నాక ప్రయోగశాలలో కమలా కృష్ణస్వామి అనే వైద్యురాలు ఒక సూటి ప్రశ్న వేశారు: మందుల మోతాదులన్నీ బాగా తిన్నవాళ్ళ ఒళ్ళ మీద కొలిచినవి, అర్ధాకలి ఒళ్ళల్లో ఆ మందులు ఎలా నడుస్తాయి? 1977లో ఆమె, నాయుడు కలిసి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేసిన వ్యాసం పోషకాహారలోపమున్న మనుషుల రక్తంలో యాంటీపైరీన్ అనే మందు ఎంతసేపుంటుందో కొలిచింది. యాంటీపైరీన్ కాలేయపు పనితనానికి కొలబద్ద లాంటిది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆమె చేసిన పని సారాంశం ఇది: ఒక మోస్తరు లోపంలో చాలా మందులు మామూలుగానో ఇంకా త్వరగానో బయటికి పోతాయి. లోపం మరీ ముదిరి ఒళ్ళు నీరుపట్టే స్థితికొస్తే కాలేయం నెమ్మదించి అవే మందులు లోపల పేరుకుంటాయి. అంటే ఆకలి కూడా ఒకే రకం కాదు. ఒకరికి మోతాదు చాలదు, ఇంకొకరికి అదే మోతాదు ఎక్కువ.

అదే సంస్థలో తర్వాతి తరం వాళ్ళు స్థిర ఐసోటోపులని అన్నం పళ్ళెంలోకి తెచ్చారు. 2013లో మాధవన్ నాయర్ బృందం కౌమారవయసు పిల్లలకి బియ్యం ప్రధానమైన భోజనంలో గుర్తుపెట్టిన ఇనుము, జింకు కలిపి పెట్టింది. పక్కన జామకాయ. జామతో తిన్నప్పుడు ఇనుము బాగా ఒంటబట్టింది, జింకులో తేడా రాలేదు. రేడియోధార్మిక ఇనుమైతే ఎదిగే పిల్లలకి పెట్టడానికి చెయ్యాడదు. బరువు తేడా మాత్రమే ఉన్న ఇనుము కాబట్టి పెట్టగలిగారు. షోన్‌హైమర్ ఎలుకల నుంచి మన జామకాయదాకా దారి ఒకటే.

పరవాడలో నేను రోజూ చేసిన పనికీ మూలం ఇదే. నమూనాలో పదార్థం ఎంతుందో కొలిచేముందు దాని డ్యుటీరియం కవలని తెలిసినంత పోస్తాం. వడకట్టడంలో, ఆరబెట్టడంలో, యంత్రంలో ఎంత పోయినా ఇద్దరూ కలిసే పోతారు. చివర్లో మిగిలినవాళ్ళ నిష్పత్తి మారదు. ఆ నిష్పత్తి నుంచి మొదట్లో ఎంతుందో వెనక్కి లెక్క కడతాం. జాన్ ఫెన్‌కి 2002లో నోబెల్ తెచ్చిన ఎలక్ట్రోస్ప్రే వచ్చాక ద్రవంలో ఉన్న నమూనాని నేరుగా యంత్రంలోకి పంపడం వీలైంది, ఈ పని నిమిషాల మీదికొచ్చింది. మణుగూరులో గోదావరి ఒడ్డున 1991 నుంచి రియాక్టర్ల కోసం భారజలం తీస్తున్నారు. సముద్రంలోనూ నదిలోనూ చెల్లాచెదురుగా ఉన్న ఆ బరువైన హైడ్రోజన్‌ని పోగుచేసే పని అది. 2017లో అమెరికాలో డ్యుటీరియం చేర్చిన మొదటి మందుకి అనుమతి దొరికింది. డ్యుటీరియం బంధాన్ని ఒళ్ళు తెంపడం కష్టం కాబట్టి మందు ఎక్కువసేపు నిలుస్తుంది. గుర్తుగా మొదలైనది మందులో భాగమైంది.

ఇంత తెలిశాక కూడా మాత్ర ఇచ్చే చోట మనం అడిగే ప్రశ్న బరువెంత అన్నదే. 2017 నుంచి మన టీబీ కార్యక్రమంలో రోజువారీ మాత్రలు బరువు తరగతులనిబట్టి ఇస్తున్నారు. అంతకుముందుకన్నా ఇది చాలా మేలు. కానీ నలభై కిలోల ఇద్దరు మనుషుల్లో ఒకరి ఒళ్ళు గంటలో మందుని సగం చేస్తుంది, ఇంకొకరి ఒంటికి అందుకు నాలుగు గంటలు పడుతుంది. ఆ తేడా ఆ తరగతుల్లో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో డిఫాల్టర్ అన్న మాట తీసేసి, జాడ తెలియకుండా పోయినవారు అనే అర్థమొచ్చే మాట పెట్టింది. మాట మెత్తబడింది. ఎందుకు పోయారన్న గడి మాత్రం కార్డులో ఇప్పటికీ చిన్నదే.

తాతయ్య ఒళ్ళు ఏ గుట్టలోదో నేను చెప్పలేను. ఆయన రక్తం ఎవరూ తియ్యలేదు. సాయంత్రాలు సారా తాగేవాడని మామ్మే చెప్పింది, మంటలు దానివల్ల కూడా వచ్చుండొచ్చు. గంజినీళ్ళ తిండివల్ల కూడా. మూడూ కలిసే వచ్చుండొచ్చు. నాకు తెలిసిందల్లా, ఐదు నెలలు టిక్కులు వేయించుకున్న మనిషి ఆరో నెల ఉన్నట్టుండి బద్ధకస్తుడైపోలేదని.

కిందటి సంక్రాంతికి ఇదంతా మామ్మకి చెప్పాను. ఎంజైములూ ఐసోటోపులూ లేకుండా, ఆమెకి అర్థమయ్యే మాటల్లో. ఆ మాత్ర కొందరి ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోద్దని, వాళ్ళకి కాళ్ళు మండుతాయని, మనవైపు పదిమందిలో ఆరుగురు అలాంటోళ్ళేనని, దానికి విరుగుడు మాత్ర ఆ రోజుల్లోనే ఉందని. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "అప్పుడే ఎవులైనా ఈ ముక్క సెప్పుంటే బాగుణ్ణు. నానే నానా తిట్లూ తిట్టీదాన్ని, ఏసాలేత్తన్నావని."

కార్డు మళ్ళీ మడిచి రేకుపెట్టెలో పెట్టేశాను.